పాఠకుల ప్రశ్నలు – జవాబులు: దొరగారి తాకట్టు చీటీ

గత నెల తెనాలి పాఠకురాలు ఒకరు అడిగిన ప్రశ్నకు చోటు చాలక నాలుగు వాక్యాల్లో జవాబు తేల్చేశాను. దానిమీద ఇంకో మూడు ఉత్తరాలు వచ్చాయి. అందులో ఒకటి నన్ను గట్టిగా కోప్పడింది. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ నెల పేజీ మొత్తం ఆ ఇంగ్లీషు దొరగారికే ఇచ్చేస్తున్నాను. గత సంచిక చూడనివారి కోసం పాత ప్రశ్న మళ్ళీ వేస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి పురిటికని నాటింగ్‌హామ్ వెళ్ళి ఐదు నెలలు ఉన్నాం. ఒక ఆదివారం అల్లుడు బోల్సోవర్ కోటకు తీసుకువెళ్ళాడు. కొండ అంచున చిన్న కోట బొమ్మరిల్లులా ఉంది. పక్కనున్న పెద్ద మేడకు మాత్రం కప్పు లేదు, మొండిగోడలే మిగిలాయి. విచిత్రమేమిటంటే గుర్రాల కోసం కట్టిన శాల చెక్కుచెదరలేదు. మేడ అంతర్యుద్ధంలో కూలిందా? ఆ జమీందారు ఎవరు? యుద్ధంలో ఏమయ్యాడు? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ముందు కప్పు సంగతి చెబుతానమ్మా. దాన్ని ఏ ఫిరంగీ కూల్చలేదు. 18వ శతాబ్దంలో దొరగారి వారసులే కప్పు మీది సీసపు రేకులు ఊడదీసి, కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న తమ అసలు నివాసం వెల్‌బెక్‌కు పట్టుకుపోయారు. పాత మండువా ఇంటి దూలాలు పీకి పట్నంలో కొత్త ఇంటికి వాడుకోవడం మన దగ్గరా చూశాం కదా, అలాంటిదే. యుద్ధం చేసిన నష్టం వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఆయన పేరు విలియం కావెండిష్. 1593లో పుట్టాడు. 1628లో న్యూకాజిల్ ఎర్ల్ అయ్యాడు, యుద్ధం నడుమ మార్క్విస్, అంతా అయిపోయాక 1665లో డ్యూక్. జమీందారు అన్నారు, మాట దగ్గరిదే కాని అదే కాదు. మన జమీందారు రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి సర్కారుకు పేష్కషు కట్టేవాడు. ఈయన భూమి ఈయనదే, కౌలు నేరుగా ఈయన పెట్టెలోనే పడేది. 1641 నాటికి ఆ రాబడి ఏడాదికి 22,393 పౌండ్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మీరు చూసిన చిన్న కోటను మొదలుపెట్టింది తండ్రి, పూర్తి చేసింది కొడుకు. 1633లో చార్లెస్ రాజుకు వెల్‌బెక్‌లో విందు చేశాడు, నాలుగైదు వేల పౌండ్లు ఖర్చు. రాజుగారికి అది బాగా నచ్చిందట. మరుసటేడు రాణిని కూడా తీసుకొస్తానన్నాడు. 1634లో బోల్సోవర్‌లో ఇచ్చిన ఆ రెండో విందుకు పద్నాలుగు, పదిహేను వేల మధ్య అయింది. ఆ రోజుల్లో కాల్బలం సిపాయికి జీతం రోజుకు 8 పెన్నీలు, అంటే ఏడాదికి 12 పౌండ్ల చిల్లర. ఒక్క విందు ఖర్చుతో వెయ్యిమందికి పైగా సిపాయిలను ఏడాదంతా పోషించవచ్చు. పదేళ్ళలో అలా పోషించాల్సిన అవసరమే వచ్చిపడింది.

రాజుకూ పార్లమెంటుకూ పన్నుల దగ్గర, మతం దగ్గర, సైన్యం ఎవరి మాట వినాలన్న దగ్గర చెడింది. 1642 ఆగస్టు 22న రాజు యుద్ధధ్వజం ఎత్తింది మీ అమ్మాయి ఉంటున్న నాటింగ్‌హామ్‌లోనే. దొరగారు అప్పటికే న్యూకాజిల్ రేవు పట్టుకుని ఉన్నాడు. హాలెండు నుంచి రాణి పంపే తుపాకులు దిగాలన్నా, లండన్ పొయ్యిల్లోకి బొగ్గు వెళ్ళాలన్నా ఆ రేవే గతి. అంతకు మూడేళ్ళ ముందే రాజుకు 10,000 పౌండ్లు అప్పుగా ఇచ్చి ఉన్నాడు. ఇప్పుడు ఉత్తరాది సైన్యమంతా ఆయన చేతికి వచ్చింది.

ఆయన సొంత పటాలానికి తెల్లకోట్లవాళ్ళని పేరు. ఆ కథ నాకు చాలా ఇష్టం. కొత్త దుస్తులు కుట్టిద్దామంటే ఎర్రగుడ్డ సరిపడా దొరకలేదు. తెల్ల ఉన్నిగుడ్డ తెప్పించి, రంగు వేయించేదాకా ఓపిక పట్టమన్నాడు. వాళ్ళు ఆగలేదు. ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చేయండి, శత్రువు నెత్తురుతో మేమే అద్దుకుంటాం అన్నారట. 1643 జూన్ 30న ఆడ్వాల్టన్ మూర్ దగ్గర ఈ సైన్యమే గెలిచి యార్క్‌షైర్‌లో చాలా భాగాన్ని రాజు వశం చేసింది. మరుసటేడు స్కాట్లండు సైన్యం సరిహద్దు దాటి వచ్చి పార్లమెంటు వైపు కలిసింది. దాంతో తలరాత తిరగబడింది. మిగతాది కింది ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: నేను సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు పనిచేసి వచ్చినవాడిని. తన పటాలాన్ని చావుకు వదిలేసి ఓడ ఎక్కిన మనిషిని మీరు గత నెల ‘పెద్దమనిషి’ అన్నారు. ఏ లెక్కన? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిరికివాడు అనే మాట మాత్రం ఒప్పుకోలేను, ఎందుకో చూడండి.

1644 వసంతంలో మూడు శత్రు సైన్యాలు యార్క్ నగరాన్ని చుట్టుముట్టాయి. లోపల దొరగారు. జులై 1న రాజు మేనల్లుడు రూపర్ట్ వచ్చి ముట్టడి విడిపించాడు. ఆ కుర్రవాడికి ఇరవై నాలుగేళ్ళు, దొరగారికి యాభై. శత్రువుల్లో వాళ్ళలో వాళ్ళకే పడడం లేదు, నాలుగు రోజులాగితే విడిపోతారు, తొందరపడవద్దని దొర చెప్పాడు. రూపర్ట్ వినలేదు. జులై 2 సాయంత్రం మార్‌స్టన్ మూర్ మైదానంలో రెండు వైపులా బారులు తీరి నిలబడ్డాయి. ఇవాళ్టికి పోరు లేదు, తెల్లవారాక చూద్దామన్నాడు రూపర్ట్. దొరగారు అక్కడే తన బండిలో నడుం వాల్చాడు. అంతలో శత్రువు మీద పడ్డాడు. సుమారు రెండు గంటల్లో అంతా అయిపోయింది. రాజు వైపు దాదాపు నాలుగు వేలమంది చచ్చిపోయారు. తెల్లకోట్లవాళ్ళు కదలలేదు, లొంగితే ప్రాణాలు వదులుతామన్నా వినలేదు. బతికి బయటపడింది చాలా కొద్దిమంది.

ఆ గందరగోళంలో దొరగారు తన దగ్గర పనిచేసే కుర్రవాడి కత్తి, సగం సీసంతో చేసినది, పట్టుకుని ముగ్గురిని నరికాడని ఆయన భార్య మార్గరెట్ తర్వాత రాసింది. ఆ రోజుకు ఆవిడ ఆయన్ని చూడనైనా లేదు లెండి, భర్త చెప్పిందే రాసి ఉంటుంది. చిలవలు పలవలు ఎంతవరకో మీరే తూచుకోండి. పోరాడాడన్నంతవరకు నమ్మవచ్చు.

తర్వాత చేసింది మాత్రం మీరన్నట్టే ఉంది. ఇంకా సైన్యం కూడగట్టవచ్చని రూపర్ట్ అన్నా వినకుండా స్కార్‌బరో రేవుకు వెళ్ళి ఓడ ఎక్కాడు. జులై 8కల్లా హాంబర్గ్‌లో దిగాడు. ఆస్థానంలో అందరూ నవ్వుతుంటే భరించలేనన్నది ఆయన చెప్పిన కారణం. దళపతి హోదా మీద ఉన్న మోజు దాని చాకిరీ మీద ఆయనకు లేదని సొంత పక్షంలోని క్లారెండనే తర్వాత రాశాడు. మీ కోపంలో మీరు ఒంటరివారు కారు.

ఓడలో గుమాస్తాను పిలిచి చేతిలో ఎంత ఉందని అడిగాడు. 90 పౌండ్లు అన్నాడు గుమాస్తా.

ప్రశ్న: భూములు పోయి, చేతిలో తొంభై పౌండ్లతో వెళ్ళినవాడు పదహారేళ్ళు పరదేశంలో ఏం తిని బతికాడు? ఇంటి దగ్గర భూములను ఎవరు అనుభవించారు? (ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: అప్పు తిని బతికాడు బాబూ. అప్పు చేసి పప్పు కూడు అనే సామెతను ఇంగ్లీషు దొరలు వినకపోయినా ఆచరించడంలో వెనకబడలేదు.

ఈ విషయంలో నాకు కొంచెం అధికారం ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఒక సహకార బ్యాంకులో బంగారం తాకట్టు కౌంటరు దగ్గర కూర్చున్నాను. చరిత్ర పుస్తకాలు చదివింది సాయంత్రాలు. అందుకే ఈ దొరగారి జీవితంలో నాకు యుద్ధాల కంటే తాకట్లే ఎక్కువగా కనిపిస్తాయి.

ముందు భూముల సంగతి. 1643 నుంచి పార్లమెంటు తనకు ఎదురు నిలిచినవాళ్ళ ఎస్టేట్లను జప్తు చేసింది. కౌలుదార్లు అక్కడే, పొలాలు అక్కడే, కౌలు మాత్రం పార్లమెంటు మనుషులు వసూలు చేసుకునేవారు. భార్యాపిల్లలకు రాబడిలో ఐదో వంతు ఇచ్చే ఏర్పాటు ఉంది. తప్పు ఒప్పుకుని, ఆస్తి విలువలో ఆరో వంతో, మూడో వంతో, సగమో జరిమానా కట్టినవాడికి భూమి తిరిగి ఇచ్చేవారు. లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ హాల్, అంటే కంసాలి సంఘం భవనంలో, ఈ బేరాలు తేల్చే కమిటీ కూర్చునేది. రాజు పక్షాన నిలిచిన చిన్నా పెద్దా భూస్వాములు అక్కడ వరసకట్టి తలవంచి సంతకాలు పెట్టి వచ్చారు. మన దొరగారికి ఆ తలుపు కూడా మూసేశారు. 1649లో రాజు తల తీసిన తర్వాత, క్షమాపణకు వీల్లేనివారి జాబితాలో ఈయన పేరు ఎక్కింది. ఇంగ్లండులో అడుగుపెడితే మరణమే.

1644 ఆగస్టులో వెల్‌బెక్ శత్రువు చేతిలో పడినప్పుడు ఇంట్లో ఉన్నది ఆయన కూతుళ్ళు. తల్లి అంతకు ముందు ఏడాదే పోయింది. చుట్టూ సిపాయిల కాపలా మధ్య పెద్దమ్మాయి జేన్ ఇంటి సామాను, అందులో వాన్ డైక్ గీసిన చిత్రపటాలు, పాడుకాకుండా కాపాడింది. తన నగలు, వెండి అమ్మి తండ్రికి డబ్బు పంపింది. ఊరికే కూర్చోలేక అక్కాచెల్లెళ్ళు కలిసి ఒక నాటకం కూడా రాశారు.

దొరగారు మాత్రం హాంబర్గ్‌లో ఏం కొన్నాడనుకున్నావు? ఒక బండి, తొమ్మిది మంచి జాతి గుర్రాలు. గుర్రాలకే 160 పౌండ్లు. చేతిలో ఉన్నది తొంభై అని మరిచిపోకు. ఆ తొమ్మిదింటిలో ఏడింటిని పారిస్ వెళ్ళి, అప్పటికి అక్కడ ఉంటున్న చార్లెస్ రాజు భార్యకు, అంటే రాణిగారికి, కానుకగా ఇచ్చాడు! మొదట నాకు మతిపోయింది. తర్వాత ఆలోచిస్తే మా కౌంటరు దగ్గరి ఒక ముచ్చట గుర్తొచ్చింది. అప్పు కోసం వచ్చే పాత భూస్వామి ఒకాయన ఎప్పుడూ ఇస్త్రీ చేసిన పంచె, సెంటు రాసిన రుమాలుతో వచ్చేవాడు. నలిగిన చొక్కాతో వస్తే మేనేజరు కూర్చోమనడని ఆయన నమ్మకం. దొరగారి గుర్రాలూ ఆ ఇస్త్రీ పంచె లాంటివే. దొరలా కనిపిస్తేనే అప్పు పుడుతుంది.

పారిస్‌లో, 1645 చివర్లో, రాణి పరివారంలో ఉన్న మార్గరెట్ లూకస్‌ను పెళ్ళాడాడు. ఆయనకు యాభై రెండు, ఆమెకు ఇరవై రెండు. కట్నం అనదగ్గదేమీ రాలేదు. కొన్నాళ్ళకు ఒక రోజు గుమాస్తా వచ్చి, అప్పులవాళ్ళు ఇక ఇవ్వమంటున్నారు, ఈ పూట భోజనానికి ఏర్పాటు చేయలేను అన్నాడు. దొరగారు నిబ్బరంగా ఉన్నాడట. నవ్వుతూ భార్యవైపు తిరిగి, నీ బట్టలు తాకట్టు పెడితేగాని ఈ పూట తిండి లేదన్నాడు. ఆవిడ బట్టలు తీయలేదు. తన పరిచారికను పిలిచి, గతంలో తాను ఆమెకు కానుకగా ఇచ్చిన చిన్న చిన్న వస్తువులు కుదువ పెట్టి రమ్మంది. ఆ పిల్ల మారుమాట లేకుండా వెళ్ళింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మా కౌంటరు మీదికి వచ్చే నగల్లో చాలా వాటికి తెచ్చిన మనిషి సొంతదారు కాదు. కోడలి గాజులు అత్త తెస్తుంది. చెల్లెలి గొలుసు అన్న తెస్తాడు. గీటురాయి మీద గీత ఎవరి నగకైనా ఒకేలా పడుతుంది, చీటీ మీద పేరు మాత్రం తెచ్చినవాడిది. దొరగారి ఆ పూట భోజనం పరిచారిక సొత్తు మీద నడిచింది. ఆ సంగతి దాచకుండా రాసినందుకు మార్గరెట్‌ను మెచ్చుకోవాలి.

కథ అక్కడితో ఆగలేదు. అదే సాయంత్రం దొరగారు అప్పులవాళ్ళను స్వయంగా కలిశాడు. ఏం మాట్లాడాడో ఏమో, సరుకులు మళ్ళీ అరువివ్వడానికి ఒప్పుకున్నారు, పైగా ఆ తాకట్టు వస్తువులు విడిపించుకోవడానికి కూడా వాళ్ళే డబ్బు ఇచ్చారు. నా ఉద్యోగ జీవితంలో అలాంటి ఖాతాదారు ఒక్కడూ తగల్లేదు, నా అదృష్టం.

1648లో ఆంట్‌వర్ప్ చేరి, చిత్రకారుడు రూబెన్స్ కట్టుకున్న ఇల్లు ఆ చిత్రకారుడి వితంతువు దగ్గర అద్దెకు తీసుకున్నాడు. అక్కడే పన్నెండేళ్ళు. గుర్రాలకు శిక్షణ ఇవ్వడం, చూడవచ్చిన పెద్దలకు స్వారీ చేసి చూపడం, ఆ విద్య మీద పెద్ద పెద్ద బొమ్మలతో ఫ్రెంచిలో పుస్తకం వేయడం. అంతా అప్పు మీదే. 1658లో, తల పోయిన రాజు కొడుకు, దేశం లేని చార్లెస్ వస్తే ఆ ఇంట్లో నాట్యవిందు కూడా చేశాడు.

ఈలోగా 1651లో మార్గరెట్, ఆమె మరిది సర్ చార్లెస్ లండన్ వెళ్ళారు. భర్త భూముల్లో భార్యకు చట్టం ప్రకారం రావాల్సిన భాగం అడుగుదామని ఆవిడ గోల్డ్‌స్మిత్స్ హాల్‌కు వెళ్ళింది. అతను దోషి అయ్యాక నువ్వు పెళ్ళి చేసుకున్నావు, తెలిసే చేసుకున్నావు కాబట్టి నీకేమీ రాదు అన్నారు. ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వచ్చేసింది. సర్ చార్లెస్ మాత్రం తన సొంత భూములకు జరిమానా కట్టి విడిపించుకుని, అమ్మకానికి పెట్టిన వెల్‌బెక్‌నూ బోల్సోవర్‌నూ తిరిగి కొన్నాడు. రాళ్ళ బేరానికి కొన్నవాళ్ళు అప్పటికే బోల్సోవర్‌ను కొంత పడగొట్టారు. తెనాలి అమ్మగారు అడిగిన యుద్ధనష్టం అదే. ఆ తమ్ముడు లేకపోతే ఈ రోజు చూడటానికి కొండ మాత్రమే ఉండేది. పాపం, అన్న తిరిగిరావడం చూడకుండానే 1654లో పోయాడు.

1660లో రాజరికం తిరిగి వచ్చింది. దొరగారు ఇంటికి బయలుదేరాలి, అప్పులవాళ్ళు కదలనివ్వరు. ఏం చేశాడో తెలుసా? భార్యను ఆంట్‌వర్ప్‌లో పూచీగా ఉంచి తాను ఓడ ఎక్కాడు. అప్పులకు తాను తాకట్టుగా ఉన్నానని ఆవిడే ఆ మాటతోనే రాసుకుంది. తర్వాత డబ్బు సర్ది పంపి విడిపించుకున్నాడు లెండి. ఎక్కిన ఓడ పాత పుచ్చుది, గాలి లేక ఆరు రోజులు పట్టింది. లండన్ మీది పొగ కనబడగానే పక్కవాడితో, నన్ను కుదిపి లేపవయ్యా, పదహారేళ్ళుగా నిద్రపోతున్నాను, ఇంకా పూర్తిగా మెలకువ రాలేదు అన్నాడట.

ప్రశ్న: యుద్ధంలో ఆయన నష్టం 9,41,303 పౌండ్లు అని గత నెల రాశారు. ఇంత పెద్ద మొత్తం, చివర మూడు పౌండ్లతో సహా! నమ్మదగిందేనా? (ఒక ఆడిటరు, గుంటూరు)

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను. 1667లో వేసిన భర్త జీవితచరిత్రలో మార్గరెట్ ఇచ్చిన పద్దు ఇది. అందులో 7,33,579 పౌండ్లు కౌలు నష్టం. మిగిలినది చేజారిన భూములు, అప్పులు తీర్చడానికి అమ్మిన 56,000 పౌండ్ల భూమి, నరికేసిన 45,000 పౌండ్ల కలప, రాజుకు ఇచ్చిన 10,000, మరిది కట్టిన 5,000.

కౌలు నష్టం చూడండి. ఏడాదికి 22,393 చొప్పున పద్దెనిమిదేళ్ళకు అసలు 4,03,074 మాత్రమే. మిగతాదంతా వడ్డీ. ఏడాది మొదట్లోనే కౌలు చేతికి వచ్చినట్టు, నూటికి ఆరు చొప్పున చక్రవడ్డీ కట్టి చూశాను. నాకు 7,33,594 వచ్చింది. తేడా పదిహేను పౌండ్లు! కంప్యూటర్ లేని రోజుల్లో ఈ లెక్క వేసిన గుమాస్తాకు నా నమస్కారం.

కూడిక తప్పు కాదు, పద్దే ఒకవైపుది. వచ్చిన కౌలులో ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా మొత్తం వడ్డీకి తిప్పే మనిషి అయితేనే ఈ నష్టం నష్టం. రాజుగారి ఒక్క విందుకు పద్నాలుగు వేలు తగలేసిన మనిషి ఈయన. యుద్ధం రాకపోతే ఇంకెన్ని విందులు చేసేవాడో. తెల్లకోట్లవాళ్ళ ఇళ్ళలో ఏం పోయిందో దానికి ఏ వడ్డీ రేటూ వేయలేదు. మీరైతే ఈ పద్దు మీద సంతకం పెడతారా? నేను పెట్టను.

ఒక్క పద్దు మాత్రం నేను కొట్టివేయలేను, కలపది. ఆయనకు అన్నిటికంటే ప్రియమైనది క్లిప్‌స్టన్ అడవి, చుట్టుకొలత ఏడు మైళ్ళు. తిరిగివచ్చి చూస్తే లేడి తలదాచుకోవడానికి ఒక్క చెట్టు లేదు, కంచె కర్రలు కూడా పోయాయి. ఆయన అంత బాధపడగా తానెప్పుడూ చూడలేదంటుంది మార్గరెట్. నోటితో అన్నది ఒక్కటే. మరీ ఇంతగా పాడుచేసి ఉండరనుకున్నాను అన్నాడట. వెంటనే కంచె వేయించి లేళ్ళను తెప్పించాడు.

తెనాలి అమ్మగారికి చివరగా ఒకటి. మళ్ళీ మనవడిని చూడటానికి వెళ్ళినప్పుడు నాటింగ్‌హామ్‌లోనే కొండ మీద ఉన్న మేడ చూడండి. పాత కోటను పడగొట్టిన ఆ స్థలం కొని, ఎనభై దాటాక, 1674లో మన దొరగారే దానికి పునాది వేయించాడు. 1676లో ఆయన పోతే కొడుకు పూర్తి చేశాడు. తూర్పు గోడ మీద గుర్రమెక్కిన దొర శిల్పం ఉంటుంది, ఇప్పుడు చాలావరకు విరిగిపోయింది. మీ అల్లుడిని వేలు పెట్టి చూపించమనండి, లేకపోతే పోల్చుకోలేరు.